ఒకే బాణలి, ఇంటిల్లిపాదికీ: చికెన్, క్యాప్సికంతో అరగంట వంట



"షుగర్ ఉందని చెప్పారు కదండీ, ఆ రోజు నుండి కోడికూర ముట్టలేదు." ఈ మాట మేము తరచుగా వింటుంటాం. "అందరికీ కూర వండి, ఆయనకు మాత్రం వేరే గిన్నెలో చప్పిడిగా పెడుతున్నాం" అని ఇంకొకరు చెబుతారు. "ముక్కలు పిల్లలకు వేసి నేను పులుసుతో సరిపెట్టుకుంటాను" అని తల్లులు అంటారు. ఈ మూడు మాటలూ మంచి మనసుతో అన్నవే. అయినా మూడింటిలోనూ నష్టం ఉంది.

మొదటివారు శరీరానికి కావలసిన మాంసకృత్తులు పోగొట్టుకుంటున్నారు. రెండవ ఇంట్లో రోగి ఒంటరిగా చప్పిడి తిండి తింటూ కొద్ది రోజులకే విసిగిపోయి పత్యం మానేస్తాడు. మూడవ ఇంట్లో తల్లికి మాంసం దక్కదు, పులుసు మీద తేలే నూనె మాత్రం దక్కుతుంది. ఈ పాఠంలో మనం నేర్చుకోవలసిన సంగతి ఒక్కటే. రోగికి వేరే గిన్నె అక్కరలేదు. ఇంటిల్లిపాదీ తినదగిన కూర ఒకే బాణలిలో అరగంటలో వండుకోవచ్చు. అందుకు చికెన్, క్యాప్సికం కూరను ఉదాహరణగా తీసుకుందాం.

కోడి మాంసంలో ఏముంది?

చర్మం, ఎముక లేని పచ్చి కోడి మాంసం 100 గ్రాములలో సుమారు 20 నుండి 23 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రొమ్ము భాగంలో కొవ్వు రెండు మూడు గ్రాములకు మించదు. తొడ భాగంలో కొంచెం ఎక్కువ. చర్మంలో మాత్రం దాదాపు మూడవ వంతు కొవ్వే. అందువల్ల దుకాణంలో "స్కిన్‌లెస్" అని అడిగి తీసుకోవడంతోనే సగం పని అయినట్టు.

ఆరోగ్యవంతులైన పెద్దవారికి రోజుకు, శరీర బరువులో ప్రతి కిలోకు 0.83 గ్రాముల చొప్పున మాంసకృత్తులు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించాయి. అంటే 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాములు. మనం చాలామందిమి మూడు పూటలా అన్నం మీదనే ఆధారపడతాం గనుక ఈ లెక్క అందుకోవడం కష్టమవుతుంది. నూరు గ్రాముల కోడి మాంసం తింటే అందులో సుమారు నలభై వంతులు తీరిపోతుంది. గాయాలు మానడానికి, కండ నిలవడానికి, జబ్బుతో పోరాడే శక్తికి ఇవి అవసరం. షుగర్ ఉన్నవారికి ఇంకొక మేలు కూడా ఉంది. మాంసంలో పిండిపదార్థం దాదాపు లేదు గనుక దానివల్ల రక్తంలో చక్కెర అన్నంవలె ఒక్కసారిగా పెరగదు.

మరి కీడు ఎక్కడినుండి వస్తుంది?

కీడు కోడిలో కన్నా, దానితోపాటు మనం చేర్చే మూడింటిలో ఎక్కువగా ఉంది.

మొదటిది నూనె. నలుగురి కూరకు 100 మిల్లీలీటర్ల నూనె పోస్తే ఒక్కొక్కరి వాటాకు 25 మిల్లీలీటర్లు వస్తుంది. 2024లో విడుదలైన జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాల ప్రకారం, 2000 కేలరీల ఆహారం తినేవారికి రోజంతా కలిపి 27 గ్రాముల నూనె చాలు. అంటే ఆరు టీ చెంచాలు. ఒక్క పూట కూరలోనే ఆ రోజు వాటా దాదాపు అయిపోయినట్టే. పొద్దున అట్టుకు, సాయంత్రం బజ్జీకి వాడేదంతా అదనమే.

రెండవది ఉప్పు. పెద్దవారు రోజుకు తినే ఉప్పు 5 గ్రాములకు లోపుగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది తలగొట్టిన ఒక టీ చెంచా. కూరలో వేసిన ఉప్పు మనకు కనబడుతుంది. కానీ ప్యాకెట్ మసాలాలో, ఊరగాయలో, అప్పడంలో, సాస్‌లలో దాగిన ఉప్పు కనబడదు.

మూడవది పళ్లెంలో అన్నం. కూర బాగుందని రెండుసార్లు అన్నం పెట్టించుకుంటాం. మరునాడు షుగర్ పెరిగితే నింద మాత్రం కోడి మీద పడుతుంది!

క్యాప్సికం ఎందుకు?

బెంగుళూరు మిరప, బుట్ట మిరప అని పిలిచే ఈ కాయ మిరప జాతిదే. అయితే కారం ఉండదు. మన పచ్చిమిరపలాగే దీని పుట్టుక కూడా అమెరికా ఖండాలలోనే. ఆకుపచ్చ క్యాప్సికం లేత కాయ, అది పండితే ఎరుపో పసుపో అవుతుంది. ఆకుపచ్చ కాయ 100 గ్రాములలో సుమారు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. ఎర్రదానిలో ఇంకా ఎక్కువ. నారింజ పండు కన్నా ఇది మిన్న. హంగేరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్-జార్జీ విటమిన్ సిని పెద్ద మొత్తంలో వేరుచేసింది ఈ జాతి మిరపకాయల నుండే. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి లభించింది.

విటమిన్ సి మనకెందుకు? మనం తినే అన్నం, పప్పు, ఆకుకూరలలో ఇనుము ఉన్నా శరీరం దానిలో కొద్ది భాగాన్నే తీసుకుంటుంది. అదే పూటలో విటమిన్ సి గాని, మాంసం గాని ఉంటే ఇంకా ఎక్కువ తీసుకోగలుగుతుంది. ఈ కూరలో రెండూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కావున పులుసుతో సరిపెట్టుకునే తల్లులారా, ముక్కలు మీ పళ్లెంలోకి కూడా రావాలి. పక్కన తోటకూర పప్పు ఉంటే మరీ మంచిది. భోజనంతోపాటు టీ తాగితే ఈ మేలు తగ్గుతుంది, కాబట్టి టీ ఒక గంట ఆగి తాగండి.

కావలసినవి (నలుగురికి)

ఎముక, చర్మం లేని చికెన్: 400 గ్రాములు
క్యాప్సికం: మధ్యరకం మూడు, సుమారు 300 గ్రాములు
ఉల్లిపాయలు: రెండు
అల్లం వెల్లుల్లి ముద్ద: రెండు టీ చెంచాలు
మిరియాల పొడి: ఒక టీ చెంచా
ధనియాల పొడి: ఒక టీ చెంచా
కారం: అర టీ చెంచా
పసుపు: పావు టీ చెంచా
ఉప్పు: ముప్పావు టీ చెంచా
నూనె: నాలుగు టీ చెంచాలు
కరివేపాకు రెండు రెబ్బలు, కొత్తిమీర కొద్దిగా, నిమ్మకాయ సగం

నూనెను సీసా నుండి నేరుగా బాణలిలోకి వంచకండి. చెంచాతో కొలవండి. వేరుశనగ, పొద్దుతిరుగుడు, తవుడు నూనెలలో మీ ఇంట్లో ఏది ఉంటే అది వాడవచ్చు.

చేసే విధానం

1. ముందుగా ఉల్లిపాయలు, క్యాప్సికం కడిగి పొడవు ముక్కలుగా తరిగి పక్కన పెట్టుకోండి. గింజలు, తెల్లని నడిభాగం తీసివేయండి. చికెన్‌ను ఆ తరువాతే కోయండి. వేలి మందం కన్నా లావు లేకుండా సన్నని ముక్కలు చేయండి.

2. చికెన్‌కు పసుపు, కారం, ధనియాల పొడి, సగం ఉప్పు పట్టించి పది నిమిషాలు ఉంచండి. ఈలోగా అన్నం పొయ్యి మీద పెట్టుకోవచ్చు.

3. వెడల్పాటి బాణలిని పెద్ద మంట మీద బాగా వేడిచేయండి. ఒక చెంచా నూనె వేసి, చికెన్‌లో సగం మాత్రమే పరచండి. ఒక నిమిషం కదపకుండా ఉంచి, తరువాత గరిటతో తిప్పుతూ ఐదారు నిమిషాలు వేయించండి. తీసి శుభ్రమైన గిన్నెలో పెట్టండి. ఇంకొక చెంచా నూనెతో మిగతా సగమూ అలాగే వేయించండి. అడుగంటుతుంటే నూనె పోయకండి, రెండు చెంచాల నీళ్లు చిలకరించండి.

4. అదే బాణలిలో మిగిలిన రెండు చెంచాల నూనె వేసి కరివేపాకు, ఉల్లిపాయలు రెండు నిమిషాలు వేయించండి. మంట తగ్గించి అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయేవరకు కలపండి.

5. మంట పెంచి క్యాప్సికం, మిగిలిన ఉప్పు వేసి మూడు నిమిషాలు తిప్పండి. ముక్క రంగు మారకుండా, కొరికితే కాస్త కరకరలాడాలి.

6. చికెన్ తిరిగి వేసి, మిరియాల పొడి చల్లి, రెండు నిమిషాలు కలిపి దించండి. దించాక నిమ్మరసం, కొత్తిమీర చేర్చండి.

తరగడానికి పది పన్నెండు నిమిషాలు, పొయ్యి మీద సుమారు ఇరవై నిమిషాలు. ఒక్కొక్కరి వాటాలో సుమారు 200 కేలరీలు, 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు, ఒక చెంచా నూనె, ఒక గ్రాముకు కాస్త అటూ ఇటూగా ఉప్పు ఉంటాయి.

ఎందుకు ఇలాగే చేయాలి?

చికెన్ అంతా ఒకేసారి వేస్తే బాణలి చల్లబడి, మాంసంలోని నీరు ఊరి, ముక్క వేగకుండా ఉడుకుతుంది. అప్పుడు రుచి రాలేదని మనం ఇంకా నూనె, మసాలా పోస్తాం. రెండు విడతలుగా వేస్తే ముక్క పైభాగం ఎర్రబడి, కొద్ది నూనెతోనే రుచి వస్తుంది.

క్యాప్సికం చివరలో వేయడానికీ కారణం ఉంది. విటమిన్ సి వేడికి నశిస్తుంది, నీళ్లలోకి దిగిపోతుంది. ఎక్కువ నీళ్లలో చాలాసేపు ఉడికించి నీరు పారబోస్తే మిగిలేది తక్కువ. మూడు నిమిషాల వేపుడులో చాలావరకు నిలుస్తుంది. దించాక పిండిన నిమ్మరసం ఇంకొంత విటమిన్ సిని చేర్చడమే కాక, నాలుకకు ఉప్పు తక్కువైన లోటు తెలియనివ్వదు. రక్తపోటు ఉన్నవారు ఈ చిన్న ఉపాయం అన్ని కూరలలోనూ పాటించవచ్చు.

క్యాప్సికం అనగానే చాలామందికి హోటల్ చిల్లీ చికెన్ గుర్తుకు వస్తుంది. అందులో ముక్కలను పిండిలో ముంచి మరిగే నూనెలో వేయిస్తారు, సోయా సాస్ పోస్తారు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే రెండు గ్రాములకు మించి ఉప్పు ఉంటుంది. పేరు దగ్గరదైనా ఆ వంట వేరు, ఈ వంట వేరు.

క్యాప్సికం ధర ఎక్కువగా ఉన్నప్పుడు గాని, మీ ఊరి సంతలో దొరకనప్పుడు గాని బీన్స్, క్యారెట్, క్యాబేజీ వాడండి. పద్ధతి ఇదే. బీన్స్, క్యారెట్‌లకు మాత్రం ఇంకో నాలుగైదు నిమిషాలు ఇవ్వండి.

ఒకే కూర, ఎవరికి ఎలా వడ్డించాలి?

షుగర్ ఉన్నవారికి: పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు చికెన్, పావు వంతు అన్నం లేదా జొన్న రొట్టె ఉంచండి. అయితే మాత్రలు లేదా ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం పూర్తిగా మానివేయకూడదు. షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎంత తగ్గించాలో మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి: కూర ఇదే చాలు. పక్కన ఊరగాయ, అప్పడం, మజ్జిగలో ఉప్పు వద్దు.

క్షయ మందులు వాడుతున్నవారికి, ఆపరేషన్ అయి కోలుకుంటున్నవారికి: రెండు ముక్కలు ఎక్కువ వేయండి, గుడ్డు కూడా చేర్చండి. 2023లో ప్రచురితమైన జార్ఖండ్ పరిశోధనలో, క్షయ రోగుల కుటుంబీకులకు ఆహార సహాయం అందినప్పుడు వారిలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. అంటే రోగి పళ్లెమే కాదు, ఇంట్లో అందరి పళ్లెమూ లెక్కలోకి వస్తుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి: ఇక్కడ జాగ్రత్త అవసరం. డయాలసిస్ మొదలుకాని వారికి సాధారణంగా మాంసకృత్తులు తగ్గించమంటాం, డయాలసిస్ చేయించుకునేవారికి పెంచమంటాం. రెండూ వేర్వేరు గనుక డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తినండి.

చిన్నపిల్లలకు: కారం, మిరియాలు వేయకముందే వారి వాటా తీసి, ముక్కలను మెత్తగా, చిన్నగా చిదిమి పెట్టండి.

శుభ్రత విషయంలో నాలుగు మాటలు

ఒకటి, సంతకు వెళ్లినప్పుడు చికెన్ చివరగా కొనండి. ఎండలో సంచిలో తిప్పకండి. వెంటనే వండకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో మూతపెట్టి ఉంచండి.

రెండు, పచ్చి చికెన్‌ను కుళాయి ధార కింద కడగకండి. చిమ్మిన నీటి తుంపరలతో క్రిములు గిన్నెలకు, కూరగాయలకు అంటుకుంటాయి. క్రిములను చంపేది కడగడం కాదు, ఉడికించడం. కడగకపోతే మనసు ఒప్పదనుకునేవారు గిన్నెలోని నీళ్లలో మెల్లగా కడిగి, ఆ నీటిని చిమ్మకుండా పారబోసి, తొట్టిని సబ్బుతో తోమండి. చేతులు, కత్తి, పీట కూడా సబ్బుతో కడగాలి.

మూడు, ముక్క లోపలి దాకా ఉడకాలి. 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే హాని చేసే క్రిములు చస్తాయి. మన వంటింట్లో వేడి కొలిచే పరికరం ఉండదు గనుక అన్నిటికన్నా లావైన ముక్కను తుంచి చూడండి. లోపల గులాబీ రంగు ఉండకూడదు, కారే నీరు తేటగా ఉండాలి.

నాలుగు, మిగిలిన కూరను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాడు పొగలు వచ్చేలా వేడిచేసి తినండి. ఫ్రిజ్ లేని ఇళ్లలో ఒక పూటకు సరిపడా మాత్రమే వండుకోవడం మేలు.

మమ్మల్ని తరచు అడిగే ప్రశ్నలు

బ్రాయిలర్ కోళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారట, నిజమేనా?
అవి ఐదారు వారాలలోనే రెండు కిలోలకు పెరగడానికి కారణం తరతరాలుగా ఎంపిక చేసిన జాతి, పుష్టికరమైన దాణా. వేలకొద్దీ కోళ్లకు రోజూ ఇంజెక్షన్లు వేయడం గిట్టుబాటయ్యే పని కూడా కాదు. మనం ఆలోచించవలసినది యాంటీబయాటిక్ మందుల గురించి. కోళ్లకు వాటిని ఇష్టానుసారం వాడితే మందులకు లొంగని క్రిములు పెరుగుతాయి. అందుకే కొలిస్టిన్ అనే మందును ఆహార జంతువులకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. బాగా ఉడికించడం, చేతులు కడుక్కోవడం ఇక్కడా మనకు రక్షణే.

బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు తినవచ్చా?
2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లకు ఈ జబ్బు సోకినప్పుడు చాలామంది భయపడ్డారు. లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఆ వైరస్ నశిస్తుంది. చక్కగా ఉడికిన మాంసం తినవచ్చు. జబ్బు చేసి చచ్చిన కోళ్లను మాత్రం ముట్టరాదు, కోయరాదు, తినరాదు.

నాటుకోడితో ఈ కూర చేయవచ్చా?
నాటుకోడి మాంసం గట్టిది, పది నిమిషాల వేపుడుకు లొంగదు. కుక్కర్‌లో ఉడికించి, ఆ తరువాత క్యాప్సికంతో కలుపుకోవచ్చు.

చికెన్ వేడి చేస్తుంది కదా?
తిన్న తరువాత కడుపులో మంటకు చాలాసార్లు కారణం అతిగా వేసిన కారం, మసాలా, నూనె. ఈ కూరలో అవి తక్కువ. అల్సర్, మూలవ్యాధి ఉన్నవారు కారం పూర్తిగా మానేసి, మిరియాలు సగానికి తగ్గించుకోవచ్చు.

ఇంటి అభ్యాసం

ఈ నెల మీ ఇంట్లో ఒక లెక్క వేయండి. నెలకు ఎన్ని లీటర్ల నూనె వాడుతున్నారో చూసి, తినే మనుషుల సంఖ్యతో భాగించండి. ఒక్కొక్కరికి 900 మిల్లీలీటర్లకు మించకూడదు. నలుగురున్న ఇంటికి మూడున్నర లీటర్లు చాలు. ఐదారు లీటర్లు అవుతుంటే, ఒక్కసారిగా కాక నెలకు అర లీటరు చొప్పున తగ్గించుకుంటూ రండి. నాలుక మెల్లగా అలవాటు పడుతుంది.

వచ్చే ఆదివారం ఆరాధన నుండి ఇంటికి వచ్చాక ఈ కూర వండి చూడండి. తరగడంలో పిల్లలను, మగవారిని కూడా కలుపుకోండి. వండిన తల్లితో సహా అందరూ ఒకేసారి కూర్చుని, అందరి పళ్లెంలోకీ ముక్కలు వచ్చేలా పంచుకోండి.

గుర్తుంచుకోవలసినవి

చర్మం తీసిన చికెన్ వాడాలి. మనిషికి ఒక చెంచా నూనె చాలు. చికెన్ రెండు విడతలుగా, క్యాప్సికం చివరన మూడు నిమిషాలు. ఉప్పు తగ్గించి నిమ్మరసం పెంచాలి. అన్నం పావు పళ్లెం, కూరగాయలు సగం. లోపలి దాకా ఉడకాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రోగికి వేరే గిన్నె వద్దు.

మీ సందేహాలు ఏవైనా ఉంటే తదుపరి పరీక్షకు వచ్చినప్పుడు ఆహార సలహా గదిలో అడగండి. మీ ఇంట్లో వంట చేసేవారిని కూడా వెంట తీసుకురండి.